ఇంటి బూడిదకు వేరే డబ్బా, వేరే రోజు కావాలి: పారిశుద్ధ్య అధికారులకు బహిరంగ లేఖ

ఇళ్ల నుంచి చెత్తను సేకరించే స్థానిక సంస్థల పారిశుద్ధ్య అధికారులకు నమస్కారాలతో,

మాది కట్టెల పొయ్యి వాడే ఇల్లు. తడి చెత్తను ఎక్కడ వేయాలో, పొడి చెత్తను ఎలా కట్టాలో, పాత బ్యాటరీలను ఎవరికి ఇవ్వాలో వివరంగా చెప్పే సూచన పత్రాలు ఇళ్లకు వస్తుంటాయి. వాటిలో బూడిద గురించి అసలు ప్రస్తావనే ఉండదు, లేదా "చల్లారిన బూడిదను మాత్రమే చెత్తలో వేయండి" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో తప్పు లేదు. అయితే బూడిద చల్లారిందని ఇంటివారికి ఎలా తెలుస్తుందో, చల్లారడానికి ఎంతకాలం పడుతుందో, అంతవరకూ దాన్ని దేనిలో ఉంచాలో అది చెప్పదు. చెప్పకపోవడం వల్ల ఏం జరుగుతుందో నా అనుభవంతోనే మొదలుపెడతాను.

ఒకసారి సాయంత్రం పొయ్యి ఆర్పి, మరునాడు మధ్యాహ్నం బూడిద తీశాను. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంది. ఒక కాగితపు సంచిలోకి ఎత్తి, పెరట్లో ఉన్న ప్లాస్టిక్ చెత్త డబ్బాలో పడేసి, ఆ సంగతి మరచిపోయాను. రాత్రి ఘాటైన వాసన వస్తే వెళ్లి చూసేసరికి డబ్బా ఒక పక్క కరిగి నేలకు అతుక్కుపోయింది, లోపలి కాగితాలు రాజుకుంటున్నాయి, వెనుక గోడ నిలువునా మసిబారింది. తప్పు పూర్తిగా నాదే. కానీ ఆ రోజు సాయంత్రమే చెత్త బండి వచ్చి ఆ సంచిని తీసుకుపోయి ఉంటే, నా తప్పుకు ఫలితం అనుభవించవలసింది బండి మీద పనిచేసే మనిషి. ఈ ఆలోచనే ఈ లేఖ రాయించింది.

"నివురుగప్పిన నిప్పు" అన్న మాటను మనం మనుషుల కోపతాపాల గురించి వాడి వాడి, అది పొయ్యి దగ్గర పుట్టిన మాట అన్న సంగతే మరచిపోయాం. బూడిద సన్నని, గుల్లగా ఉండే పొడి; వేడిని తనలోంచి సులభంగా పోనివ్వదు. దాని అడుగున మిగిలిన బొగ్గు ముక్కకు అది దుప్పటి వంటిది. ఒకవైపు వేడి బయటికి పోకుండా ఆపుతుంది, మరొకవైపు గాలిని కొద్దికొద్దిగా మాత్రమే లోపలికి వదులుతుంది. బొగ్గు మండడానికి మంట అక్కరలేదు, ఆ కాస్త గాలితోనే పొగ లేకుండా, వెలుగు లేకుండా నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. పైపొర చల్లబడిన తరువాత కూడా లోపలి నిప్పు మూడు నాలుగు రోజుల దాకా సజీవంగా ఉండగలదని అగ్నిమాపక సిబ్బంది హెచ్చరించేది ఇందువల్లనే. చీకట్లో ఎర్రగా కనిపించే నిప్పుకణిక వేడి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. చెత్త డబ్బాలకు వాడే పాలిథిలీన్ ప్లాస్టిక్ సుమారు 130 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఇక బూడిదను ఒకచోట నుంచి మరొకచోటికి కుమ్మరించినప్పుడు జరిగేది మరీ ప్రమాదకరం. కణిక మీది నివురు రాలిపోతుంది, ఒక్కసారిగా గాలి తగులుతుంది, ఆరిపోతున్నదనుకున్న నిప్పు మళ్లీ రాజుకుంటుంది. అంటే పై నుంచి చేత్తో తాకి చూడడమన్నది పరీక్షే కాదు.

ఇదే బూడిద చెత్త బండిలోకి చేరితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. కాగితం, అట్ట, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, వీటి మధ్య ఒక కణిక పడితే అది వెంటనే బయటపడదు, బండి నాలుగు వీధులు తిరిగి గాలి ఆడిన తరువాత పొగ లేస్తుంది. అప్పటికి సరుకంతా నొక్కి బిగించి ఉంటుంది కనుక లోపలికి నీళ్లు పోవు, డ్రైవరు బండిలోని చెత్తనంతా నడివీధిలో కుమ్మరించి ఆర్పించవలసి వస్తుంది. మూత లేని బండి అయితే నిప్పు సంగతి అటుంచి, సంచి చిరిగిన క్షణంలో లేచే దుమ్ము ఎత్తేవాళ్ల కళ్లలోకి, ముక్కులోకి పోతుంది. కట్టె బూడిద తడి తగిలితే గాఢమైన క్షారం. దాని పీహెచ్ విలువ సాధారణంగా 10 నుంచి 13 మధ్య ఉంటుంది. చెమట పట్టిన చర్మం మీద, తడిగా ఉండే కంటి పొర మీద అది మంట పుట్టించడం సహజమే. ఆ సంచిని కట్టిన ఇంటివారికి ఈ సంగతులేవీ తెలియవు, వాళ్ల దృష్టిలో బూడిద అంటే కాలిపోయి ఇక ఏమీ చేయలేని వస్తువు.

నిజానికి బూడిదను విడిగా తీసుకోవడం కొత్త ఆలోచన కాదు. 1895లో న్యూయార్క్ వీధుల పారిశుద్ధ్యానికి అధిపతిగా వచ్చిన జార్జ్ వేరింగ్, ఇంటివారు కుళ్లిపోయే చెత్తను ఒకదానిలో, పనికిరాని ఎండు వస్తువులను మరొకదానిలో, బూడిదను ఇంకొకదానిలో విడివిడిగా పెట్టాలని నియమం తెచ్చాడు. అప్పట్లో ఇంటింటా బొగ్గు కాలేది గనుక చలి నగరాల చెత్తలో బూడిదదే పెద్ద వాటా. మనం రోజూ అనే డస్ట్‌బిన్ అన్న మాటలోని డస్ట్ కూడా ఇల్లు ఊడ్చిన దుమ్ము కాదు, ఇంగ్లండులో ఆ పేరుతో పిలిచింది ప్రధానంగా పొయ్యిలోంచి తీసిన బొగ్గు బూడిదనే. అందుకే ఆనాటి డబ్బాలు ఇనుపవి, మూతలున్నవి. తరువాత గ్యాసు, కరెంటు వచ్చాయి, బూడిద తగ్గింది, డబ్బాలు ప్లాస్టిక్‌వి అయ్యాయి, బూడిద కోసం ఉండిన నియమాలు కూడా వాటితోపాటే మాయమయ్యాయి. కానీ కట్టెలతో, బొగ్గుతో, ఊకతో పొయ్యి వెలిగించే ఇళ్లు, చలికి నిప్పుగూడు రాజేసుకునే ఇళ్లు మాత్రం మాయం కాలేదు. డబ్బా మారింది, అందులో పడేది మారలేదు.

కాబట్టి నా మొదటి అభ్యర్థన సూచన పత్రం గురించి. ఆ ఒక్క వాక్యం స్థానంలో ఒక పేజీ రాయించండి, అందులో ఇంటిలోపల బూడిద ఎత్తే పద్ధతి నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇల్లు మురికి అవుతుందన్న భయంతోనే చాలామంది ఈ పనిని హడావుడిగా ముగిస్తారు. బూడిద ఎగరడానికి కారణం మన తొందర, గాలి, ఎత్తు నుంచి పోయడం. పని మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపి, ఎదురుగాలి వచ్చే కిటికీ మూసి, పొగగొట్టాన్ని మూసే పలక ఉంటే దాన్ని తెరిచి ఉంచాలి. లేచిన కాస్త దుమ్మును గొట్టమే పైకి లాగేస్తుంది. పొయ్యి ముందు తడిపి పిండిన పాత గుడ్డ పరిస్తే రాలినది దానికే అంటుకుంటుంది. డబ్బాను పొయ్యి నోటికి ఆనించి పెట్టుకోవాలి, చిన్న పారతో కొద్దిగా తీసుకుని, పారను డబ్బా అడుగు దాకా దించి, అక్కడ మెల్లగా వంచాలి. పై నుంచి విదిలించకూడదు. ప్రతి పారకూ మధ్య కొన్ని క్షణాలు ఆగితే దుమ్ము అణుగుతుంది. ఇవన్నీ చెప్పడానికి చాదస్తంగా ఉన్నా, ఈ పద్ధతిలో ఎత్తిన రోజున మా ఇంట్లో అల్మారా మీద చేయి వేస్తే బూడిద అంటలేదు, మునుపటి పద్ధతిలో పక్క గదిలోని పుస్తకాల మీద కూడా అంటేది. మాస్కు పెట్టుకోమని కూడా రాయించండి, బూడిదలోని అతి సన్నని రేణువులు ముక్కు దగ్గర ఆగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇల్లు శుభ్రం చేసే వాక్యూమ్ క్లీనరుతో బూడిద లాగవద్దని మాత్రం పెద్ద అక్షరాల్లో రాయించండి. దానిలో రెండు అపాయాలున్నాయి. సన్నని బూడిద వడపోత గుడ్డను దాటి వెనక నుంచి గదిలోకే తిరిగి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, దాగి ఉన్న కణిక గొట్టం గుండా పోతున్నప్పుడు దానికి కొలిమి తిత్తి ఊదినంత గాలి తగులుతుంది, పోయి చేరేది ఎండిన దుమ్ముతో, వెంట్రుకలతో నిండిన సంచిలోకి.

కట్టెలు కాల్చే మూసిన పొయ్యిలో బూడిదనంతా నున్నగా గీకి తీయనక్కరలేదు. రెండు మూడు సెంటీమీటర్ల పొర అడుగున ఉంచితే తరువాతి మంట తొందరగా అంటుకుంటుంది, పొయ్యి అడుగూ కాస్త కాపాడబడుతుంది. రాతిబొగ్గు పొయ్యి దీనికి విరుద్ధం, దానికి గాలి కింది కమ్మీల సందుల్లోంచి రావాలి గనుక బూడిద ఎప్పటికప్పుడు దులపవలసిందే.

ఇక డబ్బా. అది ఇనుముదో ఉక్కుదో అయి ఉండాలి, బిగుతుగా పట్టే మూత ఉండాలి, అడుగు నేలకు తగలకుండా కాళ్లుంటే మరీ మంచిది. అల్యూమినియం గిన్నెలు పనికిరావు, తడిసిన బూడిదలోని క్షారం ఆ లోహాన్ని తింటుంది, ఆ చర్యలో మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మూత దుమ్ము కోసం మాత్రమే కాదు, గాలి అందకుండా చేసి నిప్పును చంపేది అదే. డబ్బాను ఇంటికి కనీసం మూడు మీటర్ల దూరంలో, మట్టి మీదనో రాతి మీదనో పెట్టాలి. చెక్క వసారా మీద, ఎండుటాకుల పక్కన, వాహనం నిలిపే కొట్టంలో పెట్టకూడదు. చలికి బద్ధకించి డబ్బాను గదిలోనే ఒక మూల పెట్టుకునేవారు ఉంటారు, వారికి చెప్పవలసింది మరొకటి: మంట లేకుండా కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసి నిద్రపోయే ఇంట్లో అది ప్రాణం తీస్తుంది.

నీళ్లు పోయాలా వద్దా అన్న విషయంలో ఇంటివారికి పరస్పర విరుద్ధమైన సలహాలు వినిపిస్తాయి. మీరు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. నా అభిప్రాయంలో నాలుగు రోజులు పూర్తిగా మూసి ఉంచే వీలున్న ఇంటికి నీళ్లు అవసరం లేదు, పొడి బూడిద తేలిక, సంచి తడిసి చిరగదు, క్షారపు నీరు కారదు. వ్యవధి లేనివారు తడపవలసి వస్తే ఆ పని ఆరుబయట, ఇనుప డబ్బాలోనే, కొద్దికొద్దిగా నీరు పోస్తూ కర్రతో కలుపుతూ, ముఖం దూరంగా పెట్టుకుని చేయాలి. వేడి బూడిద మీద గుమ్మరించిన నీరు ఆవిరై బూడిదను ముఖం మీదికి చిమ్ముతుంది. ఒక చెంబు నీళ్లు పైన చల్లి వదిలేయడం అన్నింటికంటే చెడ్డ పద్ధతి. పైపొర ముద్దగా గట్టిపడుతుంది, అడుగున కణిక హాయిగా ఉంటుంది, ఇంటివారికి మాత్రం ఆర్పేశామన్న ధీమా కలుగుతుంది.

రెండవ అభ్యర్థన, బూడిదలన్నీ ఒకటి కావని మీ నియమాలు గుర్తించాలి. వంద కిలోల ఎండు కట్టె కాలిస్తే మిగిలే బూడిద సాధారణంగా ఒకటి రెండు కిలోలకు మించదు. అంతే బరువున్న వరి ఊక కాలిస్తే సుమారు 20 కిలోలు మిగులుతుంది, అందులో అత్యధిక భాగం సిలికా. రాతిబొగ్గు బూడిదలో బొగ్గు గనిని బట్టి ఆర్సెనిక్, సీసం వంటివి కొంత పోగుపడి ఉంటాయి గనుక అది తోటలకు పనికిరాదు. రంగు వేసిన చెక్క, చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు ఎక్కించిన చెక్క కాల్చడమే తప్పు. కాల్చినంత మాత్రాన ఆ విషమంతా పోదు, చాలా భాగం బూడిదలో చిక్కబడి మిగులుతుంది. అటువంటి బూడిదను ప్రమాదకర వ్యర్థాలతోపాటు తీసుకోవాలి తప్ప మామూలు చెత్తలో కాదు.

రంగు, మందు తగలని కట్టెల బూడిద మాత్రం పారేయవలసిన వస్తువే కాదు. అందులో సున్నపు పదార్థం, పొటాషియం, కొంత భాస్వరం ఉంటాయి, నత్రజని మాత్రం మంటలోనే పోతుంది. పొటాషియం అన్న మూలకం పేరు కుండలో కాచిన బూడిద నుంచి తీసిన పొటాష్ మీదుగా వచ్చింది, అమెరికాలో 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు కూడా ఆ పొటాష్ తయారీ పద్ధతికే. పుల్లనేలకు, అంటే ఆమ్లగుణం ఉన్న నేలకు, ఈ బూడిద మందు. అయితే మందు గనుకనే మోతాదు కావాలి. మట్టిని పరీక్షించుకున్న తరువాత ఏడాదికి చదరపు మీటరుకు 100 గ్రాములకు మించకుండా చల్లితే మేలు, ఇప్పటికే క్షారగుణం ఉన్న నేలలో అసలు చల్లకూడదు. పుల్లనేలను కోరే మొక్కలకు దూరంగా ఉంచాలి. అమ్మోనియం ఎరువులతో, యూరియాతో కలిపి వేస్తే ఎరువులోని నత్రజని అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. కంపోస్టు గుంతలో పలుచని పొరగా అప్పుడప్పుడు వేస్తే పరవాలేదు, ఎక్కువైతే అక్కడా అదే నష్టం. పెరడు ఉన్న ఇళ్లకు ఈ సంగతులు చెబితే మీ బండికి వచ్చే బూడిదలో కొంత భాగం అసలు గుమ్మం దాటదు.

బూడిదను పూర్తిగా నిషేధిస్తే సరిపోతుంది కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. నిషేధించిన మరునాటి నుంచి పొయ్యిలు బూడిదను పుట్టించడం మానవు. బండి తీసుకోని బూడిద మురుగుకాల్వలోకి పోతుంది, అడుగున పేరుకుని ఇతర మురికితో కలిసి గట్టిపడుతుంది. లేదా ఖాళీ స్థలంలో కుప్పగా పడి, గాలికి ఇళ్లలోకి తిరిగొస్తుంది, వానకు క్షారపు నీరై చెరువులోకి దిగుతుంది, ఎండు గడ్డి పక్కన అయితే నిప్పు పెడుతుంది. కాల్వ పూడిక తీయవలసింది కూడా చివరకు మీ కార్మికులే గనుక, నిషేధం వల్ల మీకు పని తగ్గదు, పని జరిగే చోటు మారుతుంది, అంతే.

అందువల్ల నేను కోరేది ఒక చిన్న ఏర్పాటు. వారంలో ఒక రోజును బూడిదకు కేటాయించండి. బూడిద పుట్టే ఇళ్లు ఎన్ని ఉన్నాయో బట్టి అది పదిహేను రోజులకు ఒకసారైనా చాలు. ఆ రోజు వచ్చే బండికి లోహపు తొట్టి, మూత ఉండాలి, అందులో మరే చెత్తా వేయకూడదు. ఇంటివారు డబ్బా మూత మీద చివరిసారి బూడిద వేసిన తేదీని సుద్దముక్కతో రాసి పెట్టాలి. నాలుగు రోజులు నిండకపోతే ఆ డబ్బాను ఎత్తకూడదు. నేను తేదీ గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. చల్లారిందా అని అడిగితే ప్రతి ఇంటివారూ చల్లారిందనే అంటారు, నేనూ ఆనాడు అదే అని ఉండేవాణ్ని. ఎప్పుడు వేశారని అడిగితే మాత్రం రోజు చెప్పక తప్పదు. ఒకే డబ్బాలో రోజూ కొత్త బూడిద వేస్తూ పోతే పాతది చల్లారినా లాభం లేదు గనుక, నిండిన డబ్బాను మూసి పక్కన పెట్టి రెండవదాన్ని వాడుకునేలా ఇంటికి రెండు డబ్బాలు ఉండాలని కూడా సూచన పత్రంలో చేర్చండి. కొనలేని ఇళ్లకు మీరే ఇప్పించగలిగితే, ఒక్క బండి తగలబడితే అయ్యే నష్టం ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదని నా నమ్మకం.

చెత్త యార్డుకు చేరిన తరువాత కూడా బూడిదను వెంటనే ఇతర చెత్త మీద కుమ్మరించకుండా, కాంక్రీటు గచ్చు మీద పలుచగా పరిచి ఒక రోజు వదిలి, తడిపి, ఆ తరువాతే తరలించే పద్ధతి పెట్టండి. కట్టె బూడిదను విడిగా నిలవ ఉంచితే అవసరమైన పుల్లనేలలకు పరీక్షించి ఇవ్వవచ్చు.

చివరిది బండి మీద పనిచేసేవారి గురించి. వారికి కళ్లద్దాలు, మాస్కు, మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్ ఇవ్వడంతోపాటు, వెచ్చగా ఉన్న డబ్బాను, తేదీ రాయని డబ్బాను, తడిసి కారుతున్న సంచిని తిరస్కరించే అధికారం వ్రాతపూర్వకంగా ఇవ్వండి. ఇప్పుడు ఆ మనిషి వద్దంటే ఇంటివారు ఫిర్యాదు చేస్తారు, ఫిర్యాదు వస్తే జవాబు చెప్పుకోవలసింది అతనే, కనుక అతను మారు మాట్లాడకుండా ఎత్తుకుంటాడు. తిరస్కరించిన డబ్బాకు కారణం రాసిన చీటీ ఒకటి అంటించి వెళ్లే పద్ధతి ఉంటే గొడవ ఉండదు. మా ఇంటి డబ్బాకు అటువంటి చీటీ అంటించినా నేను ఫిర్యాదు చేయనని ఇక్కడే మాట ఇస్తున్నాను.

ఈ లేఖకు మీరు సుదీర్ఘమైన సమాధానం రాయనక్కరలేదు. బూడిద బండి ఏ రోజు వస్తుందో, డబ్బా ఎన్ని రోజులు మూసి ఉంచాలో, రాతిబొగ్గు బూడిదను, మందు ఎక్కించిన చెక్క బూడిదను ఎక్కడ అప్పగించాలో, ఈ మూడు సంగతులు తదుపరి సూచన పత్రంలో కనిపిస్తే చాలు.

ఇట్లు,
కట్టెల పొయ్యి వాడే ఒక ఇంటి యజమాని